చప్పట్లు కొట్టేదాకా

జూబ్లీహిల్స్‌లో ఓ మేడ మీద గదిలో భువన మనిషిని ముట్టుకోకుండానే వైద్యం చేస్తుంది. ఒంటి చుట్టూ పేరుకున్న చెడు శక్తిని గాల్లోంచే దూసి, ఉప్పునీళ్ల గిన్నెలోకి విదిలిస్తుంది.

"నేను చప్పట్లు కొట్టేదాకా మంచం దిగకండి," అంది కళ్లు మూసుకుంటూ.

సినిమా ఫైటర్ క్రాంతికుమార్ బోర్లా పడుకున్నాడు. ఏడాదిగా పీడిస్తున్న భుజం నొప్పి నిజంగానే కరిగిపోతోంది. అంతలో దిండు పక్కన ఫోన్ మోగితే ఎత్తాడు.

"షాట్ రెడీ అన్నా, జల్ది రా!"

ఆ మాట చెవిన పడితే నిద్రలోనైనా లేచే ఒళ్లు అది. ఒక్క ఉదుటున తలుపు దగ్గరికి చేరాడు.

"నొప్పి మొత్తం పోయింది మేడం. నైట్ షూటింగ్ ఉంది, పోతున్న."

ఆమె కళ్లు తెరవలేదు. చేతులు మాత్రం ఖాళీ మంచం మీద, ఇందాక అతని భుజం ఉన్నచోటే మెల్లగా కదులుతున్నాయి.

"మేడం, నేను గీడున్న."

"కదలకండి," అందామె మంచం వైపు వంగి. "అయిపోవచ్చింది."

పరుపు మీద అతను పడుకున్న గుంట ఇంకా పూడలేదు.

క్రాంతి భుజం తడుముకున్నాడు. నొప్పి లేదు. తడుముతున్న చెయ్యి కూడా తెలియలేదు. గట్టిగా గిల్లుకున్నాడు. అదీ తెలియలేదు.

గదిలో చప్పట్లు మోగాయి.

"ఇప్పుడు లేవండి," అంది భువన.

మంచం కిర్రుమంది.