ముహూర్తానికి ముందే

ఆ పొద్దు తెల్లారినా మబ్బు విడలేదు, తుంపర పడుతూనే ఉంది. నా భార్య పైడమ్మ పొయ్యి దగ్గర కూర్చోగానే ఆమె పొట్టకున్న పట్టీ మాట్లాడింది. "అమ్మా, పాత కుట్టు పలచబడింది. ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి."

ఆపరేషన్ లేని కాన్పు ఎలా ఉంటుందో మా ఊరు మరిచిపోయి చాలా కాలమైంది. రెండో కాన్పు నుంచి అందరికీ ఆ పట్టీ అంటిస్తారు. పైడమ్మకిది మూడో కోత.

మా అమ్మ తడిగుడ్డ తెచ్చి పట్టీ మీద చుట్టింది, దాని నోరు మూయించడానికి.

"ఇవాళ మూల. ఎల్లుండి ఉత్తరాషాఢకి ముహూర్తం పెట్టించాను కదే! అందాకా ఆగలేదా ఇది?"

గుడ్డ కిందనుంచి కూడా అది 'అమ్మా' అంటూనే ఉంది.

"నిన్నే పిలుస్తోంది అత్తా," అని నవ్వింది పైడమ్మ. అంతలోనే పొట్ట పట్టుకుంది. "మూలలో పుడితే బిడ్డకి శాంతి చేయిస్తావు. ఈ కుట్టు విడిపోతే నాకేం చేయిస్తావు?"

అమ్మ గుడ్డ విప్పేసి, గొడుగు తీసి, "బండి పిలవరా," అంది నాతో.

ఆడపిల్ల పుట్టింది. ఊపిరి అందడం లేదని అద్దాల పెట్టెలో పెట్టారు. లోపల కుట్టు కాగితంలా అయిపోయిందని, ఇంకో పూట ఆగుంటే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది.

మూడో రోజున పిల్లని పైడమ్మ పక్కలోకి ఇచ్చారు. అమ్మ చారన్నం కలిపింది. తింటుండగా గోడ గడియారంలో ముహూర్తం వేళ అయింది. అమ్మ దానికేసి ఒకసారి చూసి, ఇంకో ముద్ద కోడలి చేతిలో పెట్టింది. ముగ్గురం తిన్నాం.