మూటల తాత నియమం

మూటల తాత మళ్ళీ బతికాడు.

బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ గెలిచినంత సంబరంగా చేతులు కలుపుకున్నారు. మూల కుర్చీలో ఉన్న ఆమెకు ఒళ్ళు మండింది. కానీ పెదవి విప్పడానికి లేదు. కొత్త ఆటను పరీక్షించేటప్పుడు దాన్ని రాసినవాళ్ళు గదిలో ఉండొచ్చు గానీ నోరెత్తకూడదు. ఆడేవాళ్ళు నియమాల పుస్తకం చదువుకుని ఆడాలి, అంతే. లొసుగులుంటే అప్పుడే బయటపడతాయి.

అవి బయటపడుతూనే ఉన్నాయి.

ఆట అర్థం కానిదేమీ కాదు. ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ, ఒకరు విలుకాడు, ఒకరు వైద్యురాలు. నలుగురూ మాట్లాడుకుంటూ కథ నడుపుతారు. ఎటూ తేలకపోతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. వాళ్ళ సామాను మోస్తూ వెనకాలే ఒక ముసలాయన వస్తాడు. మూడో అధ్యాయంలో, గుహలో, విషపు పొగ పీల్చి ఆయన చనిపోవాలి. ఆయన నడుముకు కట్టుకున్న సంచిలోంచి రహస్య పటం అప్పుడే బయటపడాలి. నాలుగో అధ్యాయమంతా ఆ పటం మీదే నడవాలి.

ఆయన చస్తే కదా.

మొదటి జట్టు ఆయన నడుముకు తాడు కట్టి బయటికి లాగేసింది. ఆమె సామాన్ల జాబితాలోంచి తాడు కొట్టేసింది. రెండో జట్టులో దొంగగారు తన ప్రాణంలో సగం ఆయనకు ధారపోశారు. ప్రాణం పంచుకోవడం కుదరదని రాసింది. మూడో జట్టు ఇరవై పడేదాకా పాచిక వేస్తూనే కూర్చుంది. ఒక్కసారే వేయాలని రాసింది. ఇవాళ్టి మహానుభావులైతే ఆయన్ని అసలు గుహలోకే తీసుకెళ్ళలేదు. "మోకాళ్ళ నొప్పులతో నీకెందుకు తాతా, ఇక్కడ నీడలో కూర్చో" అని బయట కూర్చోబెట్టి, మూటలు తామే మోసుకుపోయారు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె పెన్ను బల్లమీదికి విసిరేసింది. కింద అచ్చుయంత్రం ఆపి అన్న మెట్లెక్కి వచ్చాడు. ఆట అచ్చువేసి అమ్మబోయేది అతనే.

"మళ్ళీ బతికాడా?"

"బతికాడు."

"పోనీ బతకనీ. బతికుండే పటం చేతికిస్తాడు. ఒక్క వాక్యం మారిస్తే సరిపోతుంది. సోమవారం పుస్తకం అచ్చుకెక్కాలి."

"సరిపోదన్నయ్యా. ఆయన్ని ఎవరూ కాపాడలేరు. ఆట అంతా దానిమీదే ఉంది."

"మరి అంత మంచివాడిగా రాస్తే ఎవరు వదులుకుంటారు చెప్పు? వచ్చేముందు దగ్గి వస్తున్నానని తెలపడం, అడక్కుండానే అందరి చెప్పులూ దులిపి పెట్టడం..."

"ఉన్నట్టే రాశాను."

అన్న చెల్లాచెదురుగా ఉన్న పాచికలు ఏరి డబ్బాలో వేశాడు.

"నేను అన్ని దారులూ చూశాను," అంది ఆమె. "నెలల తరబడి చూశాను. నాకు తట్టనిది వీళ్ళకెలా తడుతుంది? గంటసేపు కూర్చుని వెళ్ళేవాళ్ళకి?"

"ఆట కాబట్టి తడుతుందమ్మా."

ఆ మాటకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. రెండు రోజులు గదిలోంచి కదల్లేదు. తాత చావు గురించిన నలభై రెండో నియమాన్ని ఒక్కో పదం పట్టుకుని బిగించింది. తాత ఎక్కడున్నా సరే, వీళ్ళకు తెలిసేసరికే విషం ఊపిరితిత్తుల్లోకి చేరిపోయి ఉంటుంది. మందు పనిచేయదు. మంత్రం పనిచేయదు. పాచిక వేయడానికే వీల్లేదు. చీమ దూరే సందు కూడా మిగల్లేదు.

అన్న చదివి తల పట్టుకున్నాడు. "ఇది నియమంలా లేదు, ఉరిశిక్షలా ఉంది."

"ఉండనీ."

ఆదివారం అయిదో జట్టు వచ్చింది. అందులో ఒకావిడ లెక్కల టీచరు. పెన్సిలు పట్టుకుని ప్రతి పేజీ రెండుసార్లు చదివే రకం. ఆవిణ్ణి చూడగానే ఆమె నలభై రెండో నియమాన్ని మరోసారి చదువుకుంది.

తాత కుప్పకూలాడు. టీచరు పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేసింది. మిగతా ముగ్గురూ ఒకటి తర్వాత ఒకటి అడిగారు. గాలి మంత్రం? లేదు. కాలంలో వెనక్కి ప్రయాణం? లేదు. దేవతకు మొక్కు? నలభై రెండు, మూడో పంక్తి, అదీ లేదు. గంట గడిచింది. మంత్రగాడిగా ఆడుతున్న బస్సు కండక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి టీచరు పెన్సిలు కింద పెట్టేసి మూలకు తిరిగింది.

"మిమ్మల్ని అడక్కూడదని తెలుసు. అయినా అడుగుతున్నాను. మేం ఏమైనా వదిలేశామా? కాస్త ముందే చూసుకుని ఉంటే ఆయన బతికేవాడా?"

ఆమె కుర్చీలోంచి లేచింది. ఆరు ఆటలు రాసిన మనిషి, పరీక్షలో నోరు తెరవడం అదే మొదటిసారి.

"లేదు. ఎవరున్నా ఇంతే జరిగేది."

"అయితే మా తప్పేం లేదన్నమాట," అని టీచరు నిట్టూర్చింది. "ఎంత ఆలోచించినా ఇంకో దారి లేదు."

"ఆ మాట ఫారంలో రాయండి."

"ఏ మాట?"

"ఇప్పుడు మీరన్న మాటే. తప్పేం లేదనీ, ఇంకో దారి లేదనీ. రాసి కింద సంతకం పెట్టండి."

ఆట ఎలా ఉందో చెప్పే ఫారానికి సంతకమెందుకో టీచరుకు అర్థం కాలేదు. అయినా గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. టీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డ అన్న తల పక్కకు తిప్పుకున్నాడు.

అందరూ వెళ్ళాక ఆమె ఆ రెండు వాక్యాలనూ మళ్ళీ మళ్ళీ చదివింది. ఫైల్లో పెట్టాల్సిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో దాచుకుంది.

ఏడు నెలల కిందట, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెబితే, నాన్నకు పెట్టిన వెంటిలేటర్ తీసేయమని సంతకం పెట్టింది ఆమే.