రెండుసార్లు లాగితే

మెకానిక్ కారు ముందు సీటు దగ్గర వంకరగా పడుకుని, కార్పెట్ కిందుగా వైరు తోస్తున్నాడు. కారు ఓనరు కొత్తగా బిగించమన్న కంప్యూటర్ వెనకవైపు డిక్కీలో, స్టెప్నీ పెట్టే గుంతలో దాగి ఉంది. ఎక్కడా వైరు ముక్క కూడా కనబడకూడదని ఓనరు పట్టుదల. తెల్లారేసరికి బండి ఇచ్చెయ్యాలి. నడుము ఎప్పుడో చచ్చుబడిపోయింది.

అటువైపు డిక్కీలో దూరి వైరు అందుకునేది బావమరిది. అరుచుకోవడం ఎందుకని ఇద్దరికీ ఒక అలవాటు. ఒకసారి లాగితే చాలని, రెండుసార్లు లాగితే ఇంకా కావాలని.

వైరు రెండుసార్లు లాగింది. మెకానిక్ వదిలాడు. మళ్లీ రెండుసార్లు.

"ఎంతరా బాబూ, మింగుతున్నావా ఏంటి?" అని విసుక్కుంటూ, జారిపోకుండా మిగిలిన వైరును అరచేతికి చుట్టుకున్నాడు.

షెడ్డు షటర్ కిర్రుమంది. రెండు టీ గ్లాసులతో బావమరిది లోపలికి వచ్చాడు.

"పిలిస్తే పలకలేదు బావా, కునుకు పట్టిందేమోనని టీకి వెళ్లా. కంప్యూటర్ ఉంది కదాని డిక్కీకి తాళం వేసే వెళ్లాన్లే."

మెకానిక్ డిక్కీ వైపు తల తిప్పాడు. అరచేతి చుట్టూ వైరు మెల్లగా బిగిసి, ఒకసారి లాగింది.

హమ్మయ్య, చాలనే కదా అనుకున్నాడు.

రెండోసారి కూడా లాగింది.