ఆ వీడియోలో చేతులు

నా చేతుల వీడియోకి నీ గొంతు తగిలించి, గ్యారేజీలో నాకు రావాల్సిన ఉద్యోగం కొట్టేశావు, మహీధర్.

మన కాలేజీ సగం పనికోసం క్యూ కట్టిన ఈ కెనడా ఊరు సార్నియాలో, బేస్‌మెంట్‌లో కూర్చుని నా బైక్ ముందు ఫోర్కుల్లో అరిగిన ఆయిల్ సీళ్లు మార్చింది నేను. గ్యారేజీకి పంపుదామని నిన్ను వీడియో తీయమన్నాను. తర్వాత అడిగితే నవ్వావు.

"ఐటీ వాళ్లు ఇంటర్వ్యూకి తమ బదులు ప్రాక్సీని పెట్టుకోవట్లేదా? చేతులు ఎవరివైతే ఏంట్రా, ఇంటర్వ్యూలో మాట్లాడింది నేనేగా."

నిన్న మన కాలేజీ ధాత్రి తన బండి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నువ్వు వేసిన సీలు తలకిందులుగా ఉంది. కారిన ఆయిల్‌తో ముందు బ్రేకు తడిసి, సిగ్నల్ దగ్గర బండి ఆగలేదట. మనిషి మిగిలింది.

"పోయి పోయి వాడికెందుకిచ్చావు?" అన్నాను.

"గ్యారేజీ వాళ్లు పెట్టిన వీడియో చూశా. ఆ చేతులు చూసే నమ్మాను," అంది.

ఉద్యోగం నువ్వే ఉంచుకో. నువ్వు సీళ్లు మార్చిన బండ్లన్నీ వెనక్కి పిలిపించు. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి గ్యారేజీ అడ్రసుకే ఈ పోస్టుకార్డు రాస్తున్నాను. తెలుగు కనుక నీ ఓనరు చదవలేడు. శుక్రవారంలోగా జవాబు రాకపోతే, తర్వాతి కార్డు ఇంగ్లీషులో వస్తుంది.