మూడో అంతస్తు వాసన

తలుపు తీయగానే ఇల్లాలికి పన్ను సలిపింది.

పన్నుకేమీ కాలేదు. గుమ్మం ముందు లవంగ నూనె వాసన. అంతే, పళ్ల డాక్టరు కుర్చీ, మొహం మీద లైటు, "నోరు ఇంకొంచెం తెరవండి" అనే గొంతు, అన్నీ వరసకట్టి వచ్చేశాయి.

"మళ్లీ పోశావా?"

మెట్లు తుడుస్తున్న ఆమె తలెత్తింది. ఆ భవనంలో అందరూ ఆమెను మెట్లమ్మ అనే పిలుస్తారు.

"రెండు చుక్కలేనమ్మా."

"కిందా నిమ్మ వాసనే, పైనా నిమ్మ వాసనే. మా గుమ్మానికే ఈ పంటి మందేమిటి? మేమేం పాపం చేశాం?"

"అది నా పద్ధతమ్మా."

"నీ పద్ధతి నా ప్రాణం మీదకొచ్చింది!"

మెట్లమ్మ నవ్వి గుడ్డ పిండుకుంది. ఆ నవ్వుకు ఇల్లాలికి ఒళ్లు మండింది.

అసలే ఇంట్లో చికాకులకు కొదవ లేదు. ఆరు నెలల క్రితం మామగారు వచ్చారు. లిఫ్టు లేని భవనం. ఐదంతస్తులూ ఒకే అచ్చు, అన్నీ గోధుమరంగు తలుపులే. సాయంత్రం పార్కు నుంచి వస్తూ మొదటి వారంలోనే మూడుసార్లు పరాయివాళ్ల బెల్లు నొక్కారు.

"ఇంకొక్కసారి ఇల్లు తప్పితే నాన్న ఒంటరిగా గడప దాటేది లేదు," అన్నాడు భర్త.

ఆ పార్కు బెంచీ, దాని మీది ముగ్గురు స్నేహితులు తప్ప మామగారికి ఈ ఊళ్లో వేరే లోకం లేదు.

"అంతస్తులు లెక్కపెట్టుకుంటూ ఎక్కండి మామయ్యా," అని కోడలు పాఠం చెప్పింది. ఆ తర్వాత ఆయన ఒక్కసారీ ఇల్లు తప్పలేదు. ఆ ఘనత తనదేనని ఆమె నలుగురికీ చెప్పుకుంది కూడా.

ఇక మిగిలింది లవంగం.

ఇల్లాలు భవనం సెక్రటరీ దగ్గరికి వెళ్లింది.

"మేమిచ్చేది నిమ్మ వాసన డబ్బా ఒక్కటేనండీ. నూనె ఆమే తెచ్చుకుంటోంది," అన్నాడాయన.

"అయితే మాన్పించండి."

"నూనెనా, ఆమెనా?"

"ఏది తేలికైతే అది."

సెక్రటరీ మెట్లమ్మను పిలిపించాడు.

"నూనె మానేస్తావా, పని మానేస్తావా?"

"నూనె మానలేనండీ."

"ఎందుకని?"

ఆమె ఇల్లాలి వంక చూసింది. నోటిదాకా వచ్చినదేదో మింగేసింది.

"చెప్పడానికి లేదండీ."

"చూశారా మొండితనం!" అంది ఇల్లాలు.

మెట్లమ్మ బకెట్టు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు కొత్త మనిషి వచ్చింది. ఐదంతస్తులూ నిమ్మ వాసన. ఇల్లాలి మనసు ఎంత తేలికపడిందంటే, తడి తువ్వాలు మంచం మీద పడేసిన భర్తను కూడా ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం మామగారు వేళకు రాలేదు.

భర్త పార్కంతా వెతికి వచ్చాడు. చివరికి ఆయన ఐదో అంతస్తులో దొరికారు. ఎవరిదో తలుపు ముందు, తాళంచెవి పట్టుకుని నేల మీద కూర్చున్నారు. లోపలినుంచి ఆ ఇంటావిడ దొంగ, దొంగ అని కేకలు పెడుతోంది.

"ఇక చాలు నాన్నా. రేపట్నుంచి పార్కూ లేదు, ఏమీ లేదు."

మామగారు ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక కోడలిని అడిగారు.

"గుమ్మం దగ్గర లవంగ నూనె ఏమైందమ్మా?"

"ఆ మెట్లమ్మను పంపించేశాం మామయ్యా. ఎందుకు పోస్తున్నావంటే చెప్పదు. అంత పొగరు!"

"చెప్పలేదా?"

"చెప్తేగా!"

ఆయన చేతిలోని తాళంచెవిని ఒకసారి తడిమి పక్కన పెట్టారు.

"పొద్దు వాలితే నాకు కళ్లు సరిగా ఆనవమ్మా, అంతస్తుల లెక్కా తప్పుతుంది. ఆ వాసన పట్టుకునే ఇల్లు చేరేవాణ్ణి."

"అయ్యో, నాకైనా ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యా!"

"మీకు తెలిస్తే నన్ను బయటికి పంపరని, ఎవరికీ చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను, పని పోతున్నా చెప్పలేదన్నమాట!"