గ్లాసుడు నీళ్ళు

"కాసిని మంచినీళ్ళు ఇస్తావా తల్లీ?"

గుడారం ముందు నిలబడి అడుగుతున్నవాడు నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు.

పరిశోధకురాలు తలెత్తి చూసింది. ఎడారి రోడ్డు మలుపులో ఆయన ట్యాంకర్ ఆగి ఉంది.

"బండెడు నీళ్ళు వెనకాల పెట్టుకుని నన్నడుగుతారేంటి పెద్దాయనా?"

"నీ సీసాలోవి చల్లగా ఉంటాయిలే," అని నవ్వాడు.

గ్లాసు ఇస్తే గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగాడు.

ఆమెకు మంట పుట్టింది. ఐదు నిమిషాల క్రితమే ఆ మనిషి క్యాను నిండా నీళ్ళు తెచ్చి మలుపు దగ్గరున్న పొద మొదట్లో పోశాడు. అది ఆమె పొద.

కిందటేడు ఆ పొద మీదే ఒక రెక్కల పురుగు దొరికింది. సీతాకోకచిలుకకు వేలు విడిచిన చుట్టం లాంటిది. ఇసుక రంగు రెక్కలు, అంచున ఉప్పుతో గీసినట్టు తెల్లటి చార. ఏ మ్యూజియం పెట్టెలోనూ అలాంటిది లేదు. కొత్త జాతేనని ఆమె నమ్మకం.

యూనివర్సిటీలో ఆమె గైడు మాత్రం ఒప్పుకోలేదు.

"ఒక్క మగదాన్ని పట్టుకొచ్చి కొత్త జాతి అంటే ఎవరు నమ్ముతారమ్మా? ఆడదాన్ని తీసుకురా. ఈ సీజను దాటితే ఇక నా వల్ల కాదు."

అందుకే ఇక్కడ గుడారం వేసింది. రోజూ పొద్దు వాలగానే తెల్లగుడ్డ కట్టి, వెనక దీపం పెట్టేది. మగవి వచ్చి వాలేవి. ఆడదాని కోసం కళ్ళు కాయలు కాశాయి.

"పెద్దాయనా, ఆ పొదకి నీళ్ళు పోయకండి," అంది ఆ రోజు.

"ఎందుకని?"

"అది ఎడారి మొక్క. దాని వేళ్ళు పాతాళంలో ఉంటాయి. మీరిలా తడి చేస్తే నా పురుగులు పారిపోతాయి."

"పురుగులా!" డ్రైవరు గబగబా చొక్కా దులుపుకున్నాడు. "వాటికీ నాకూ పడదు తల్లీ. నేను పోసేది పొదకి."

"పొదతో మీకేం పని?"

"పాత స్నేహం."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మర్నాడు మళ్ళీ క్యాను, మళ్ళీ పొద, మళ్ళీ "కాసిని మంచినీళ్ళు ఇస్తావా తల్లీ?"

ఇక ఓపిక పట్టలేక ఆమె ట్యాంకర్ల డిపోకు ఫోన్ చేసింది.

"మీ డ్రైవరు జనం నీళ్ళు దారిలో పారబోస్తున్నాడు."

ఆ తర్వాత ఆయన రాలేదు. ట్యాంకర్‌ను వేరే డ్రైవరు నడుపుతున్నాడు. మలుపులో ఆపకుండా, దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోతున్నాడు.

పీడ వదిలిందనుకుంది.

కొన్నాళ్ళకు పొద ఆకులు పసుపెక్కాయి. ఎండలు కదా అనుకుంది. తర్వాత రాలడం మొదలైంది. తెల్లగుడ్డ మీద వాలే మగవి తగ్గుతూ తగ్గుతూ, చివరికి ఒక్కటీ రాలేదు.

ఒక ఉదయం, బోసిపోయిన కొమ్మ మీద, ఆడది కనిపించింది.

ముల్లులా కొమ్మకు అంటుకుని ఉంది. ఒంటి చుట్టూ అదే తెల్లటి చార, కడుపు నిండా గుడ్లు. రెక్కలే లేవు. పుట్టిన పొద మీదే పెరిగి, అక్కడే గుడ్లు పెట్టే పురుగు దీపం దగ్గరికి ఎలా వస్తుంది? ఆకులు రాలబట్టి కనిపించింది.

మెల్లగా తాకింది. చచ్చిపోయి, ఎండి, పొట్టులా ఉంది.

గైడు ఫోన్లో ఎగిరి గంతేశాడు. "భేష్! కొత్త జాతే, సందేహం లేదు. ఇక బతికున్న జంటను కూడా పట్టుకురా, పెంచుదాం."

"అలాగేనండీ," అంది.

చుట్టుపక్కల పొదలన్నీ వెతికింది. తల ప్రాణం తోకకొచ్చింది. అన్నీ ఏనాడో ఎండినవే. ఇన్నాళ్ళూ పచ్చగా ఉన్నది మలుపు దగ్గరి పొదొక్కటే. ఎందుకు ఉందో అప్పుడు అర్థమైంది.

చేతులు కాలాక పట్టుకుందామంటే ఆకులు కూడా మిగల్లేదు.

తన దగ్గరున్న సీసాలన్నీ పొద మొదట్లో వంచింది. ఇసుక చప్పున పీల్చేసుకుంది. ఇక చేసేదేమీ లేక రోడ్డు మధ్యకు పరిగెత్తి, చేతులు చాచి ట్యాంకర్‌ను ఆపింది.

"బాబూ, ఈ పొదకి ఒక్క క్యాను నీళ్ళు పొయ్యి. నీకు పుణ్యముంటుంది."

"కుదరదు మేడమ్. డిపోలోనే సీలు వేస్తారు. ఊరు చేరాకే విప్పేది. దారిలో చుక్క కూడా తీయలేం."

ట్యాంకర్ వెనక గొట్టానికి సీసపు సీలు వేలాడుతోంది. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉంది. ఆమే ఎప్పుడూ చూడలేదు.

"మరి ముందు వచ్చిన పెద్దాయన..."

"పనిలోంచి తీసేశారుగా. ఎవరో చదువుకున్నావిడ ఫోన్ చేసిందట. సీలు చూడండి బాబూ అని మొత్తుకున్నాడు, ఒక్కడూ చూళ్ళేదు."

"ఎక్కడుంటారు ఆయన?" అంది.

"ఏమో మేడమ్. బండే ఇల్లు ఆయనకి. అది పోయాక ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలీదు. ఎప్పుడో ఇక్కడ బండి చెడిపోతే, మనుషులు వచ్చేదాకా ఈ పొద నీడే ఆయన్ని బతికించిందట."

"మరి రోజూ పోసిన నీళ్ళు?"

డ్రైవరు తన సీటు పక్కనున్న చిన్న క్యాను ఎత్తి చూపించాడు.

"తాగడానికి మాకు డిపోలో రోజూ తలా ఒకటి ఇస్తారు మేడమ్, ఆయనది మాత్రం ఈ పొదే తాగేది."