బుడేన్‌బీ ఫిర్ఖా

"ఇంగ నా మీద ఆశ పెట్టుకోవద్దు సార్. శుక్రవారం బయటికి పోగూడదనింది మామా," అంది ఫోన్లో బుడేన్‌బీ.

మాండలిన్ తీగ బిగిస్తున్న గురుమూర్తి చెయ్యి ఆగిపోయింది. మామా అంటే బుడేన్‌బీ వంట చేసే ఇంటి యజమానురాలు, కువైటీ ఆవిడ. బుడేన్‌బీ అంటే కువైట్‌లో తెలుగువాళ్లు పెట్టుకున్న మహబూలా పాటల మేళానికి గొంతు. వచ్చే శుక్రవారం మేళానికి ఇరవయ్యేళ్లు నిండుతాయి. హాలు మాట్లాడారు, బిర్యానీ మాట్లాడారు, ఇక్కడున్న రాయచోటి వాళ్లూ విజయవాడ వాళ్లూ పిల్లాజెల్లాతో వస్తామన్నారు. తీరా ఇప్పుడు పాడే మనిషే రానంటోంది.

ఇరవయ్యేళ్లలో ఈ మేళం చూడని కష్టం లేదు. ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిటు, అయిపోయి హార్మోనియం వాయించేవాడు వెళ్లిపోయాడు. మోకాళ్లు అరిగి కంజీర వాయించేవాడు ఊరు చేరాడు. ఒకరు పోతే ఇంకొకరు వచ్చి కూర్చున్నారు గానీ పాట ఆగలేదు. కానీ బుడేన్‌బీ గొంతుకు బదులు ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ ఎత్తుకుందంటే షువైఖ్ గ్యారేజీల్లో వారమంతా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు కూడా లేచి చిందేస్తారు.

ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడిగితే సంగతి బయటపడింది. పొద్దున మామా వంటింట్లోకి వచ్చి, నువ్వు ఫిర్ఖాలో ఉన్నావా అని అడిగిందట. బుడేన్‌బీ గరిటె కింద పెట్టేసింది. లేదు మామా, వల్లా, నాకు ఏ ఫిర్ఖా లేదని ఒట్టేసింది. మరి శుక్రవారం శుక్రవారం ఎక్కడికి పోతున్నావని మామా నిలదీసింది. మా ఊరోళ్ల ఇంటికి అంది బుడేన్‌బీ. పాట సంగతి చెబితే అసలుకే ఎసరొస్తుందని మింగేసింది పిచ్చి తల్లి. మామా ఒక్క ముక్క నమ్మలేదు. నిజం చెప్పేదాకా గడప దాటొద్దని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

గురుమూర్తి ఫోను పెట్టేసి, ఫిర్ఖా అంటే ఏమిటయ్యా అని పక్కనే ఉన్న అజ్మతుల్లాను అడిగాడు. అజ్మతుల్లా కడప మనిషి, పగలు లారీ తోలతాడు, తీరిక దొరికితే డోలక్ వాయిస్తాడు.

"మా ఉర్దూలో ఫిర్ఖా అంటే మతంలో వర్గం సార్. మాది గొప్ప, మీది తక్కువ అని కొట్లాడుకుంటారు సూడు, అది. అక్క యాదో వర్గంలో చేరి మీటింగులకు పోతాందని అనుకున్నట్టుండాది ఆయమ్మ. మనం గమ్మునుండేది మేలు. ఇరవయ్యేళ్లు వాయించినాం, ఖలాస్ అనుకుందాం."

గురుమూర్తికి ఒళ్లు మండింది. ఆయనేమో ఇంజనీరు, పైగా హిందువు. ఈ గొడవలో తల దూర్చాలంటే భయమే. కానీ మేళం మూసేద్దామన్న మాట అంతకన్నా గట్టిగా తగిలింది. బుడేన్‌బీ లేకుండా పండుగ చేసే కంటే ఆవిడ కోసం నాలుగు చీవాట్లు తినడం నయమన్నాడు. చొక్కా మార్చుకుని అజ్మతుల్లాను మామా ఇంటికి బయల్దేరదీశాడు. ఎండకు కార్లో వదిలేస్తే తోలు పగిలిపోతుందని అజ్మతుల్లా డోలక్ చంకన పెట్టుకునే వచ్చాడు.

మామా ఒకప్పుడు ఇంగ్లీషు టీచరు. కళ్లద్దాలు సర్దుకుని, ఇద్దరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది. బుడేన్‌బీ టీ తెచ్చింది.

గురుమూర్తి లేచి నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "అమ్మా, బుడేన్‌బీ నాకు చెల్లెలి లాంటిది. ఈమెకు ఏ ఫిర్ఖాతోనూ సంబంధం లేదు. నేను పూచీ."

అజ్మతుల్లా నెత్తిన చెయ్యి పెట్టుకుని, తనకొచ్చిన లారీ అరబ్బీలో, "మాఫీ ఫిర్ఖా, మామా, మాఫీ," అన్నాడు. లేనే లేదని.

మామా ఆ ముగ్గురి ముఖాలూ చూసింది. డోలక్ వంక కూడా చూసింది. కోపం కాదు గానీ, మనసు కష్టపెట్టుకున్నట్టు కనిపించింది. తన ఫోను తీసి బల్ల మీద పెట్టింది. అందులో బుడేన్‌బీ కళ్లు మూసుకుని పాడుతోంది. పక్కన గురుమూర్తి మాండలిన్, వెనక అజ్మతుల్లా డోలక్. పోయిన నెల కార్యక్రమం.

ఇక దాచడానికేం లేదు. అజ్మతుల్లా నేల చూపులు చూశాడు. బుడేన్‌బీ మాత్రం ట్రే పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, మామా ముందుకొచ్చి నిలబడింది. వంటింట్లో నేర్చిన అరబ్బీ కొంతా, తెలుగు కొంతా కలిపి చెప్పేసింది.

"పాడేదానికే పోతాండ మామా. అబద్ధం చెప్పింది నా తప్పే. పనిలోంచి తీసేస్తే తీసెయ్. పాట మాత్రం ఇడిసిపెట్టలేను. కానీ అల్లా సాచ్చిగా నాకు ఏ ఫిర్ఖా లేదు."

గురుమూర్తి ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి వినిపించాడు. చివరి మాట వినేసరికి మామా కళ్లద్దాలు తీసేసి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నవ్వి నవ్వి బుడేన్‌బీ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మా అరబ్బీలో ఫిర్ఖా అంటే పాటల మేళమే కదమ్మా. మా అమ్మాయి పెళ్లికి మిమ్మల్నే పిలుద్దామనుకుంటే, లేదు లేదని ముగ్గురూ ఒట్లు పెడతారేమిటి?"